ఎక్కడున్నా మావాడివే!

దేశం వదిలి వేరే గడ్డ మీద కష్టపడి బతుకుతున్నవాడి సంపాదనను కూడా, ఒక్క పౌరసత్వం చూసి లెక్క అడిగే ప్రభుత్వాలు ప్రపంచంలో చెప్పుకోదగ్గవి రెండు. ఒకటి ఎరిత్రియా, రెండోది అమెరికా. ఎరిత్రియా చిన్న దేశం, పేద దేశం. బయట ఉన్న తన వాళ్ళ దగ్గర 2 శాతం వసూలు చేస్తుంది. ఆ సొమ్ముతో ఇరుగుపొరుగు దేశాల్లో చిచ్చు పెడుతోందని, బెదిరించి మరీ గుంజుతోందని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2011 డిసెంబరులో తీర్మానం చేసి గడ్డి పెట్టింది. తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ళలో అమెరికా ఉంది. ఆ సమయంలో రెండో చెయ్యి ఎవరి జేబులో ఉందో తీర్మానంలో రాయలేదు. 2 శాతం బెదిరించి అడిగితే దౌర్జన్యం. 37 శాతం దాకా మర్యాదగా అడిగితే ఫెడరల్ చట్టం.

ఈ ఆచారం అమెరికా అంతర్యుద్ధం నాటిది. యుద్ధానికి డబ్బు కావలసినప్పుడు కలిగినవాళ్ళు ఓడెక్కి యూరప్‌కి చెక్కేస్తున్నారన్న కోపంలో, 1860లలో, బయట ఉన్న పౌరుడి ఆదాయం మీదా పన్ను వేశారు. యుద్ధం 1865లో ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు. 1924లో కుక్ అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళి మొరపెట్టుకున్నాడు: అయ్యా, నా కాపురం మెక్సికో నగరంలో, నా ఆస్తి మెక్సికోలో, నా ఆదాయం మెక్సికోలో, మీకెందుకు కట్టాలి? కోర్టువారు చెప్పింది ఏమిటంటే, పౌరుడు ఎక్కడున్నా, వాడి ఆస్తి ఎక్కడున్నా, ప్రభుత్వ రక్షణ వాడి వెంటే ఉంటుంది, కనుక కట్టు అని.

వందేళ్ళు దాటినా ఆ మాటే శాసనం. ఆ రక్షణ ఎలా ఉంటుందో చూద్దాం. అమెరికన్ పౌరసత్వం తీసుకుని, రిటైరై, గుంటూరులో స్థిరపడ్డ పెద్దాయనకు గుండెనొప్పి వచ్చిందనుకోండి. ముప్పై ఏళ్ళు జీతంలో కోయించుకున్న మెడికేర్ బీమా సముద్రం దాటి రాదు. పోనీ, ఆపద సమయంలో విమానం పెట్టి తీసుకెళ్తారా? తీసుకెళ్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడు చిక్కుబడ్డవాళ్ళను తీసుకెళ్ళారు. ఎక్కే ముందు టికెట్ డబ్బు తిరిగి కడతానని ప్రోనోటు రాయించుకుని తీసుకెళ్ళారు. మన పల్లెటూరి వడ్డీ వ్యాపారి కూడా చావుబతుకుల్లో ఉన్నవాడికి ముందు డబ్బిచ్చి, నోటు తెల్లారి రాయించుకుంటాడు.

ఇక మన పిల్లవాడి సంగతికి వద్దాం. పుట్టింది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. నాన్నది హెచ్-1బీ. ఉద్యోగం పోయింది, ఇంకోటి దొరకలేదు, పిల్లవాడికి ఐదో నెల రాగానే అందరూ మియాపూర్ వచ్చేశారు. ఆరో నెలలో అన్నప్రాసన. పళ్ళెంలో పుస్తకం, పెన్ను, కత్తి, బంగారం, డబ్బు పెట్టి పాకించారు. వాడు దేక్కుంటూ పోయి డబ్బు పట్టుకున్నాడు. అమ్మమ్మ మురిసిపోయి, అరెకరం అమ్మిన సొమ్ములోంచి 10 లక్షలు తీసి, వాడి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించింది.

నోట్లతోపాటు వాడు ఫిన్‌సెన్ ఫారం 114 కూడా పట్టుకున్నాడని ఆ పూట భోజనానికి వచ్చిన రెండొందల మందిలో ఒక్కరికీ తెలియదు. ఎఫ్‌బార్ అని ముద్దుపేరు. 1970లో వచ్చిన బ్యాంక్ సీక్రసీ చట్టం తాలూకు సంతానం. అమెరికా పౌరుడికి విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజున 10,000 డాలర్లు దాటినా, అంటే సుమారు 9 లక్షల రూపాయలు దాటినా, ఆ వివరాలు అమెరికా ఖజానా శాఖలో ఒక విభాగానికి పంపాలి. ఆ విభాగం పని ఆర్థిక నేరాల మీద నిఘా. ఎఫ్‌బార్‌కు వయోపరిమితి లేదు. పాలపళ్ళు రాని పౌరుడైనా లెక్క చెప్పాల్సిందే. వాడు సంతకం చెయ్యలేడు కాబట్టి తల్లో తండ్రో చెయ్యాలి. ధరలు ఆకాశానికంటినా ఆ 10,000 మాత్రం కదలదు. జరిమానాలు మాత్రం ద్రవ్యోల్బణంతోపాటు పెరుగుతాయి. పరిమితికి లేని పెరుగుదల జరిమానాకి ఎందుకొచ్చిందో పిల్లవాడు పెద్దయ్యాక అడుగుతాడు.

అమెరికాలో కాన్పు అయితే చాలు, జన్మ తరించిందని మొక్కులు మొక్కినవాళ్ళు మనలో తక్కువేం కాదు. పాస్‌పోర్టు కోరి తెచ్చుకున్న పెద్దవాళ్ళ మీద నాకంత జాలి లేదు. ప్రమాణం చేసిన రోజు కేకు కోసి ఫేస్‌బుక్‌లో పెట్టింది వాళ్ళే. ఎటొచ్చీ, ఈ పసివాడు ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు.

పెద్దవాళ్ళ కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఒకాయన పదిహేనేళ్ళు డాలస్‌లో ఉండి, పౌరసత్వం పుచ్చుకుని, గచ్చిబౌలి వచ్చి పడ్డాడు. తెనాలిలో ఉన్న తల్లి రిటైర్డ్ టీచరు. ఆవిడ పెన్షన్ ఖాతాలో ఈయనది రెండో పేరు, ‘ఇద్దరిలో ఎవరైనా’ పద్ధతిలో. పైసా ఈయనది కాదు. అయినా పేరుంది కనుక ఎఫ్‌బార్‌లో రాయాలి. అదీ ఊరికే కాదు, ఏడాది మొత్తంలో ఆ ఖాతాలో అన్నిటికంటే ఎక్కువ సొమ్ము ఉన్న రోజున ఎంత ఉందో రాయాలి. ఫోను కలిపాడు.

“అమ్మా, పోయినేడు నీ ఖాతాలో ఎక్కువలో ఎక్కువ ఎంతుంది?”

“ఎందుకురా నాయనా, ఏమైనా ఇబ్బందొచ్చిందా? చెప్తే పంపేదాన్నిగా.”

“నాకు కాదమ్మా. అమెరికావాళ్ళకి.”

“అయ్యో, వాళ్ళకెంత కావాలిట?”

ఆవిడ పాస్‌బుక్ తిరగేసింది. పెన్షన్, కౌలు డబ్బు, చీటీ పాట. మధ్యలో పిన్ని స్థలం అమ్మిన 22 లక్షలు రిజిస్ట్రేషన్ రోజు సాయంత్రం వచ్చి, ఒక్క రాత్రి నిద్ర చేసి, తెల్లారి పిన్ని ఖాతాకు వెళ్ళిపోయాయి. ఆ నిద్ర ఇప్పుడు వాషింగ్టన్ రికార్డుల్లో ఉంది.

చెప్పకపోతే ఏమవుతుందంటారా? బిట్‌నర్ గారిని అడగండి. రుమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, మళ్ళీ రుమేనియా వెళ్ళి వ్యాపారం చేసుకున్న మనిషి. ఈ ఫారం సంగతే తనకు తెలియదన్నాడు. తెలిశాక ఇచ్చాడు. కావాలని దాచాడని ప్రభుత్వం కూడా అనలేదు. అయినా ఐదేళ్ళలో 272 ఖాతాలకు, ఖాతాకు 10,000 చొప్పున, 27 లక్షల 20 వేల డాలర్ల జరిమానా రాశారు. 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, జరిమానా ఖాతాకు కాదు, ఏడాదికి ఇవ్వాల్సిన ఒక్కో నివేదికకు అని తేల్చి 50,000 డాలర్లకు దించారు. అదీ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. నలుగురు న్యాయమూర్తులకు 27 లక్షలే సబబుగా తోచింది.

ఇందులో అసలు తమాషా వేరే ఉంది. ఫాట్కా అని 2010లో ఒక చట్టం తెచ్చారు. ప్రపంచంలో ఏ బ్యాంకైనా తన దగ్గరున్న అమెరికన్ల ఖాతాల వివరాలు చెప్పాలి, చెప్పకపోతే అమెరికా నుంచి వచ్చే రాబడిలో 30 శాతం కోస్తామన్నారు. మన ప్రభుత్వం 2015 జూలై 9న ఢిల్లీలో సంతకం చేసింది. అప్పట్నుంచీ మన బ్యాంకులు పేర్లు, అంకెలు ఆదాయపు పన్ను శాఖ చేతిలో పెడతాయి. ఆ శాఖ అమెరికాకు చేరవేస్తుంది. అంటే తెనాలి పాస్‌బుక్ సంగతి కొడుకు చెప్పకముందే వాళ్ళకు చేరే ఏర్పాటు ఉంది. మరి ఎఫ్‌బార్ ఎందుకు? పైగా విదేశంలో ఉన్న ఒంటరివాడి ఆస్తులు ఏడాది చివర్న 2 లక్షల డాలర్లు దాటితే అదే ఖాతాను 8938 అనే ఇంకో ఫారంలో అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు మళ్ళీ ఎందుకు చెప్పాలి? తెలిసిన సంగతే చెప్పనందుకు శిక్షించడం హోంవర్క్ కాపీ కొట్టినవాణ్ణి హెడ్మాస్టరు పిలిచి “నువ్వే చెప్పు, ఏం చేశావో” అనడం లాంటిది. అక్కడ దెబ్బ తప్పుకు పడదు, నోరు తెరవనందుకు పడుతుంది.

పన్ను ఎంత వస్తుందని ఈ హైరానా అంతా? విదేశంలో కష్టపడి సంపాదించిన జీతంలో 2025 సంవత్సరానికి 1,30,000 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ సర్దుబాటు ఉంది. మాదాపూర్ ఇంజినీర్లలో చాలామందికి చివరికి తేలే బాకీ సున్నా. ఆ సున్నా తేల్చడానికి అక్కడి ఆడిటర్, సీపీఏకి ఫీజు. ఆయన అడిగేవి మన ఆడిటర్ ఎప్పుడూ విననివి. మన సంవత్సరం ఏప్రిల్‌లో మొదలు, వాళ్ళది జనవరిలో. ఒకే జీతాన్ని రెండు కేలండర్లలో రెండు రకాలుగా కోసి, డాలర్లలోకి మార్చి పంపాలి. ఇంత చేసి, మనకూ వాళ్ళకూ మధ్య 1989లో రెండు పన్నుల బాధ తప్పించే ఒప్పందం కుదిరింది కదా అని ఊరట పడదామంటే, అందులో మొదటి అధికరణంలోనే ఒక వాక్యం ఉంది: తన పౌరులపై మాత్రం, కొన్ని మినహాయింపులు పోను, ఈ ఒప్పందం అసలు అమల్లోకే రానట్టు పన్ను వేసుకోవచ్చు. తాళికట్టేటప్పుడే విడాకుల కాగితం చదివే పురోహితుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

జీతం సంగతి అలా ఉంచండి. పొదుపు చేశాడా, చచ్చాడే. నెలకు 5,000 సిప్ కట్టుకునే అమెరికా పౌరుడు తాను చేస్తున్నది మ్యూచువల్ ఫండ్ అనుకుంటాడు. అమెరికా దృష్టిలో అది పీఫిక్. 1986లో, బయటి కంపెనీల్లో డబ్బు దాచుకునే ఘరానా పెట్టుబడిదారుల కోసం పన్నిన వల అది. ఒక్కో ఫండ్‌కు ఒక్కో 8621 ఫారం. ముందుగా వేరే పద్ధతి ఎంచుకోకపోతే, లాభాన్ని ఉంచుకున్న రోజులన్నింటికీ పరిచి, గడిచిన ప్రతి ఏడాదికీ అప్పటి గరిష్ఠ రేటు వేసి, ఆ పైన వడ్డీ కూడా వేస్తారు. ఘరానా వాళ్ళకు లాయర్లున్నారు. వలలో పడ్డది సిప్పులవాడు. అమ్మ కట్టించిన ఎల్‌ఐసీ పాలసీ ఉందా? విదేశీ బీమా ప్రీమియం మీద 1 శాతం ఎక్సైజు పన్ను. అవును, సారాయి మీద వేసే ఆ ఎక్సైజే. పాలసీకి సరెండర్ విలువ ఉంటే ఎఫ్‌బార్‌లో కూడా రాయాలి. నాన్న శంకర్‌పల్లి పొలం అమ్మి లక్ష డాలర్లకు మించి పంపాడా? ఆ బహుమతి మీద పన్ను లేదు, నిజంగా లేదు. 3520 ఫారంలో చెప్పకపోతే మాత్రం నెలకు 5 శాతం చొప్పున, 25 శాతం దాకా జరిమానా ఉంది. పన్నే లేనిదానికి పావు వంతు పోతుంది.

మరి వాళ్ళ కంపెనీల మాటేమిటి? అవీ అమెరికావే కదా, వాటి సంపాదనా విదేశాల్లోనే కదా? 2017లో వాటికి విముక్తి దొరికింది. విదేశీ అనుబంధ సంస్థల నుంచి వచ్చే డివిడెండ్లకు కార్పొరేషన్లకు నూరు శాతం మినహాయింపు ఇచ్చారు. మనుషులకు ఇవ్వలేదు. పాత బాకీల ఖాతా మూసేయడానికని అప్పట్లో ఒకసారి పన్ను వేశారు. ఆ గద్ద పెద్ద కంపెనీల మీంచి ఎగురుతూ వచ్చి ఎక్కడ వాలిందో తెలుసా? బెంగళూరులో సన్నకారు రైతులకు పనిముట్లు అమ్మే కిసాన్‌క్రాఫ్ట్ అనే కంపెనీలో 40,000 డాలర్లు పెట్టుబడి పెట్టిన మూర్ దంపతుల మీద. వాళ్ళుండేది అమెరికాలోనే, వాషింగ్టన్ రాష్ట్రంలో. కంపెనీ లాభాలన్నీ మళ్ళీ వ్యాపారంలోనే పెట్టింది. వీళ్ళ చేతికి చిల్లిగవ్వ రాలేదు. రాని లాభం మీద 14,729 డాలర్లు కట్టమన్నారు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగబద్ధమే అంది.

ఇంత బాధైతే పౌరసత్వం వదిలేసుకోవచ్చుగా అంటారు. వదిలించుకోవడానికీ టికెట్ ఉంది. 450 డాలర్లున్న ఫీజును 2014లో 2,350 చేసి, చాలా ఏళ్ళు అంతే వసూలు చేశారు. గత ఐదేళ్ళ పన్ను వ్యవహారాలు శుభ్రమని ప్రమాణం చెయ్యాలి. ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే, ఆస్తులన్నీ ముందురోజు అమ్మేసినట్టు ఊహించుకుని, ఆ ఊహాలాభం మీద పన్ను లెక్క కట్టాలి. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు మూడు నెలలకోసారి గెజిట్‌లో అచ్చేస్తారు. ఒకాయన పుట్టింది న్యూయార్క్‌లో, పెరిగింది చాలావరకు ఇంగ్లండ్‌లో, లండన్ మేయరు కూడా అయ్యాడు. లండన్‌లో సొంత ఇల్లు అమ్మితే అమెరికావాళ్ళు లాభంలో వాటా అడిగారు. ముందు కట్టనని భీష్మించి, తర్వాత కట్టి, 2016లో పౌరసత్వం వదిలేశాడు. మూడేళ్ళకు బ్రిటన్ ప్రధాని అయ్యాడు. పేరు బోరిస్ జాన్సన్. అంతటివాడికే తప్పలేదు, మియాపూర్ పిల్లవాడెంత?

2024 ఎన్నికల ప్రచారంలో ట్రంప్ గారు విదేశాల్లోని అమెరికన్లకు ఈ రెండు పన్నుల బెడద తప్పిస్తానని మాటిచ్చారు. 2025 జూలై 4న ఆయన సంతకం పెట్టిన పెద్ద పన్నుల చట్టంలో ఆ ఊసు లేదు. అమెరికా నుంచి నగదు రూపంలో బయటికి పంపే సొమ్ము మీద 1 శాతం కొత్త పన్ను మాత్రం ఉంది.

మన ఢిల్లీ ఏమైనా తక్కువ తిన్నదా? మనది నివాసాన్ని బట్టి పన్ను, పద్ధతైన పద్ధతి. కానీ చూపు పడ్డాక నాలుక ఊరదా? 2020 బడ్జెట్‌లో, ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుణ్ణి ఇక్కడే ఉంటున్నట్టు భావిస్తామన్నారు. దుబాయ్ ఎండలో కాంక్రీటు మోసే జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ళ ఇళ్ళలో గుండెలు జారాయి. అబ్బే, గల్ఫ్ కూలి మీద కాదు అని మర్నాడే వివరణ ఇచ్చి, చివరికి ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్ళకే పరిమితం చేశారు. ఇళ్ళ అమ్మకంలో మాత్రం మొహమాటం లేదు. కూకట్‌పల్లిలో పక్కపక్క ఫ్లాట్లు, ఒకే ఏడు ఒకే ధరకు కొన్న అన్నదమ్ములు. ఊళ్ళో ఉన్న అన్న అమ్మితే, 2024 జూలై 23కు ముందు కొన్నది కనుక, ధరల పెరుగుదల తీసేసి 20 శాతమో, తీయకుండా 12.5 శాతమో, తక్కువేదో అది కడతాడు. మెల్‌బోర్న్‌లో ఉన్న తమ్ముడికి ఆ ఎంపిక లేదు, 12.5 మాత్రమే. ద్రవ్యోల్బణానికి ఆ రెండు ఫ్లాట్ల మధ్య గోడ అడ్డొచ్చింది కాబోలు. కొనేవాడు అన్న దగ్గర 1 శాతం పట్టుకుని వదిలేస్తాడు. తమ్ముడు ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లాభం మీద కాదు, మొత్తం ధర మీదే 12.5 పైచిలుకు కోస్తాడు. ఆ తర్వాత రిఫండ్ కోసం రిటర్ను వేసి తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఎదురు చూస్తాడు.

ఇక గచ్చిబౌలి పెద్దమనిషికి ఇక్కడి నివాసి హోదా పూర్తిగా రాగానే మనవాళ్ళూ ఫారం ఇస్తారు. అమెరికాలో మిగిలిన రిటైర్మెంటు ఖాతా, షేర్లు అన్నీ రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో రాయాలి. నల్లధనం మీద 2015లో తెచ్చిన చట్టం కింద, రాయకపోతే 10 లక్షల జరిమానా. స్థిరాస్తి కానివి 20 లక్షల లోపైతే వదిలేస్తామని 2024లో కాస్త కరుణించారు. అక్కడివాళ్ళు ఇక్కడి ఖాతా చెప్పమంటారు, ఇక్కడివాళ్ళు అక్కడి ఖాతా చెప్పమంటారు. ఒకరి సంగతులు ఒకరికి ఇద్దరూ చేరవేసుకుంటూనే ఉంటారు. తెలియనట్టు నటించాల్సింది వాళ్ళు, వణకాల్సింది మధ్యలోవాడు.

ఇన్నాళ్ళూ ఏమీ పంపనివాళ్ళు విదేశంలో ఉంటే జరిమానా లేకుండా బయటపడే దారి ఒకటి అమెరికా పెట్టింది. మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఎఫ్‌బార్లు ఇచ్చి, కావాలని చేయలేదని 14653 ఫారంలో సొంత మాటల్లో కథ రాసి ప్రమాణం చెయ్యాలి. అబద్ధమని తేలితే మళ్ళీ అదో నేరం. సీపీఏలు దీనికి విడిగా తీసుకుంటారు. తెలుగువాళ్ళ కోసం నేను ఉచితంగా రాసిపెడుతున్నాను:

“అయ్యా, మా అమ్మ తన బ్యాంకు ఖాతాలో నా పేరు రాయించింది. రేపు నాకేమైనా అయితే నువ్వు బ్యాంకుల చుట్టూ తిరగకూడదురా అని రాయించింది. అది విదేశీ ఖాతా అని నాకు తోచలేదు. ఖాతా తెనాలిలోనే ఉంది, అమ్మ కూడా తెనాలిలోనే ఉంది. ఆ 22 లక్షలు మా పిన్నివి. పిన్ని మీ పౌరురాలు కాదు, అవాలన్న ఉద్దేశం కూడా లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నా ఆదాయం సున్నా, మీకు రావాల్సిన పన్ను సున్నా, ఈ కాగితాలకు నాకయిన ఖర్చు మా అమ్మ రెండు నెలల పెన్షన్. ఇందులో నేను కావాలని చేసిందేమీ లేదని ప్రమాణం చేస్తున్నాను. సాక్షి సంతకం అమ్మ పెడతానంటోంది. అందువల్ల ఆవిడ కూడా ఏదైనా ఫారం నింపాల్సి వచ్చేట్టుంటే దయచేసి ముందే చెప్పండి, వద్దని చెబుతాను.”